తెలుగు డిగ్రీతో ప్రపంచ సాహిత్యం ఎమ్మేకి వెళ్లాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రాజాం దగ్గర బీఏ ఆఖరి సంవత్సరం, స్పెషల్ తెలుగు, చిన్నప్పటి నుంచీ తెలుగు మీడియమే. ప్రపంచ సాహిత్యం, కథలు రాయడం, సాహిత్య సిద్ధాంతం యూనివర్సిటీలో చదవాలని ఉంది. ఇంగ్లీషు లిటరేచర్ చదవనివాళ్లకి అక్కడ చోటుంటుందా, ఎక్కడ చేరాలి, థియరీ వ్యాసం తెరిస్తే ఒక్క పేజీ కూడా ముందుకు కదలడం లేదు, ఏం చెయ్యాలి?

చోటుంటుంది. తులనాత్మక సాహిత్యం, అంటే వేరువేరు భాషల రచనల్ని పోల్చి చదివే చదువు (కంపారటివ్ లిటరేచర్), చెప్పే శాఖలకి కావలసిన మనిషి రెండు భాషల్లో మూలం చదవగలిగినవాడు. ఇంగ్లీషు ఒక్కటే చదివి వచ్చినవాళ్లకి ఆ రెండో భాష దగ్గరే ఇబ్బంది. మీకు తెలుగు పునాది ఉంది, ఇంగ్లీషులో చదివే వేగం మాత్రం పెంచుకోవాలి. ఆ లోటు నిజమైనదే, కానీ రోజూ పట్టుదలగా చదివితే ఒక ఏడాదిలో తీరుతుంది. తెలుగు పునాది లేకపోవడమనే లోటు మాత్రం ఏడాదిలో తీరదు.

ఎక్కడ చేరాలన్నది త్వరగా చెప్పేస్తాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్యానికి విడిగా ఒక కేంద్రం ఉంది. అదే క్యాంపస్‌లో తెలుగు, ఇంగ్లీషు శాఖలు ఉండడం వల్ల రెండు వైపులా పాఠాలు వినొచ్చు. హైదరాబాద్‌లోనే ఉన్న ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) భారతీయ, ప్రపంచ సాహిత్యాల విభాగం ఉంది. కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956లో బుద్ధదేవ్ బోస్ మొదలుపెట్టిన శాఖ ఈ చదువుకి మన దేశంలో పుట్టిల్లు లాంటిది. మనం హౌరా లైను మీదే ఉన్నాం, దూరం చూసి దాన్ని వదులుకోవద్దు. ఇంటికి దగ్గరలో కావాలంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అక్కడ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఎమ్మే చేస్తూ ప్రాజెక్టు అంశం తులనాత్మకంగా ఎంచుకోవచ్చు, దానికి రాష్ట్ర పీజీసెట్ రాయాలి. సృజనాత్మక రచనకే పూర్తి డిగ్రీ మన దేశంలో అరుదు. ఎక్కువ చోట్ల అది ఒకటి రెండు పేపర్లుగానే ఉంటుంది. ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక యూనివర్సిటీ) ఇంగ్లీషు సృజన రచనకి దూరవిద్య డిప్లొమా ఉంది. దాంట్లో చేరకపోయినా ఇగ్నో పాఠాలన్నీ ఈజ్ఞానకోశ్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఎమ్మే ఇంగ్లీషులో ఎంఈజీ-05 అనే పేపరు సాహిత్య విమర్శ, సిద్ధాంతం. దాన్ని ఈ వారమే దించుకోండి.

చాలా సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష రాయాలి. మామూలుగా డిసెంబరు, జనవరిల్లో దరఖాస్తు, మార్చిలో పరీక్ష. ప్రశ్నలు 75, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ప్రశ్నల దగ్గర కాదు, దరఖాస్తు దగ్గరే. ఏ కోర్సుకి ఏ పేపరు కోడ్ రాయాలో ఆ ఏటి ప్రకటనలో యూనివర్సిటీ పేరు కింద ఉంటుంది. తెలుగు పేపరు ఒక్కటే రాసి, ఇంగ్లీషు పేపరు అడిగే కోర్సుకి ఎదురుచూస్తే ఏడాది పోతుంది. కోర్సు పేరు, పేపరు కోడ్, అర్హత మార్కులు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాకే ఫీజు కట్టండి.

ఇక అసలు విషయం. థియరీ ఎక్కకపోవడానికి మీ ఇంగ్లీషు సగమే కారణం. ఆ వ్యాసం ఎవరితో వాదిస్తోందో తెలియకపోవడం మిగతా సగం. సిద్ధాంత వ్యాసం పాఠ్యపుస్తకం కాదు, ఎప్పటి నుంచో నడుస్తున్న తగువులో ఒకరి మాట. మధ్యలో వెళ్లి నిలబడితే ఎవరికైనా అర్థం కాదు. అందుకే వరస ముఖ్యం. ముందు భాషాశాస్త్రవేత్త సోస్యూర్ భాషా సంకేతం గురించి చెప్పిన భాగం చదవండి. ఆ పుస్తకం ఆయన పోయాక, విద్యార్థులు రాసుకున్న నోట్సు నుంచి 1916లో వచ్చింది. తర్వాత రష్యన్ విమర్శకుడు ష్‌క్లోవ్‌స్కీ 1917లో రాసిన వ్యాసం, అలవాటుపడిన వస్తువుని కళ మళ్లీ కొత్తగా కనిపించేలా ఎలా చేస్తుందన్నది. ఆ తర్వాత రచయిత మరణం, అంటే రచన అర్థాన్ని రచయిత ఉద్దేశం తేల్చదన్న మాట గురించి ఫ్రెంచి విమర్శకుడు బార్త్ 1967లో రాసింది, అది ఆరేడు పేజీలే. కథ చెప్పే తీరు మీద ఫ్రెంచి విమర్శకుడు జెనెట్, 1972. ప్రాచ్యవాదం, అంటే తూర్పు దేశాల్ని పశ్చిమం ఊహించుకున్న తీరు మీద ఎడ్వర్డ్ సైద్ 1978లో వేసిన పుస్తకానికి ఉపోద్ఘాతం. అణగారినవాళ్లు మాట్లాడగలరా అని అడిగే స్పివాక్ 1988 వ్యాసం చివర్లో పెట్టుకోండి. దానికి మార్క్స్, ఫూకో, డెరిడా ముందే తెలిసి ఉండాలి. పేరు విని మొదటే దాన్ని పట్టుకుని, థియరీ మనవల్ల కాదని వదిలేసినవాళ్లు చాలామంది.

ఒక్కో వ్యాసం మూడుసార్లు చదవాలి. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా, అర్థం కాకపోయినా చివరిదాకా. పెన్సిలుతో ఒకే పని చెయ్యండి: “కాదు”, “అయితే”, “ఇప్పటిదాకా అనుకున్నది” అనే అర్థమొచ్చే మాటల కింద గీత గీయండి. రచయిత ఎవర్ని కాదంటున్నాడో అక్కడే దొరుకుతుంది. రెండోసారి ప్రతి పేరాకి మార్జిన్‌లో తెలుగులో ఒక్క వాక్యం. మూడోసారి పుస్తకం మూసి, వ్యాసం మొత్తం 150 మాటల్లో తెలుగులో రాయండి. తెలుగులో రాయలేకపోతే మీకు అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషులో రాస్తే ఆ సంగతి బయటపడదు, ఎందుకంటే వాళ్ల మాటలే అటూఇటూ మార్చి రాసేయొచ్చు. ఆ 150 మాటల్నీ తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంటే పరీక్షకీ పనికొస్తుంది.

ఉదాహరణలు కూడా వాళ్లవి బట్టీ పట్టొద్దు. మాటకి విలువ దాని పక్కనున్న మాటల నుంచి వస్తుందని సోస్యూర్ అన్నాడు. తెలుగులో “మేము” అనే మాట తీసుకోండి. వినేవాణ్ణి బయట పెట్టే శక్తి దానికెక్కడిది? పక్కన “మనం” ఉంది కాబట్టి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, అందుకే ఆ మాటకి ఆ పదును లేదు. ఈ ఉదాహరణ మీకు జన్మలో మర్చిపోవడానికి కుదరదు.

స్పెషల్ తెలుగు వల్ల మీ దగ్గర ఇంకో ఆస్తి ఉంది, అలంకారశాస్త్రం. “గంగాయాం ఘోషః” చదివే ఉంటారు: గంగలో గొల్లపల్లె ఉండదు కాబట్టి గంగ అంటే ఒడ్డు అనుకుంటాం, అది లక్షణ. చల్లదనం, పవిత్రత స్ఫురించడం వ్యంజన. రూపకానికీ, పక్కనున్నదాని పేరుతో చెప్పడానికీ భాషాశాస్త్రవేత్త యాకబ్‌సన్ 1956లో చూపించిన తేడా చదివినప్పుడు ఇది మీకు ఎంతో సాయం చేస్తుంది. అయితే “ఇదంతా మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు” అని మాత్రం పేపర్లో రాయకండి. అలంకారశాస్త్రకారుడు ఆనందవర్ధనుడి ధ్వనికి (మాటల వెనక స్ఫురించే అర్థానికి) సహృదయుడు, అంటే రసజ్ఞుడైన పాఠకుడు కావాలి, ఆ సహృదయుడికి అందే అర్థం ఒకటుందన్న నమ్మకం కావాలి. బార్త్ ప్రశ్నిస్తున్నది ఆ నమ్మకాన్నే. పోలిక ఎక్కడ ఆగిపోతుందో చూపించడమే తులనాత్మక విద్యార్థి పని. పోలిక ఉందని చెప్పడం ఎవరైనా చేస్తారు.

సిద్ధాంతం కథ మీద ఎలా పని చేస్తుందో మన విజయనగరం కథతోనే చూద్దాం. గురజాడ “దిద్దుబాటు”, 1910 ఫిబ్రవరిలో “ఆంధ్రభారతి”లో అచ్చయింది. సానివాళ్ల పాట విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు, బల్ల మీద ఉత్తరం కనపడుతుంది. చివర్లో ఆవిడ మంచం కిందే ఉందని తెలుస్తుంది. జెనెట్ అడగమన్న ప్రశ్నలు రెండు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు చూస్తున్నారు? ఈ కథలో మనం చివరిదాకా గోపాలరావుతోనే ఉంటాం. కమలిని మాటలు మనకి ఉత్తరంలో వస్తాయి, అదీ అతను చదువుతుండగా, మధ్యలో అతని నిట్టూర్పులతో. ఆవిడ సొంతంగా చేసే చప్పుడు కథ చివర వినిపించే నవ్వూ గాజుల మోతా మాత్రమే. ఇప్పుడు మూడో ప్రశ్న మీరు వెయ్యండి: ఎవరు వింటున్నారు? కథంతా ఆవిడ వింటూనే ఉంది. అతని పశ్చాత్తాపానికి శ్రోత మనమే అనుకున్నాం, కానీ మనకంటే ముందు అక్కడ ఒక శ్రోత ఉంది. ఈ ఒక్క గమనింపు మీద రెండువేల మాటల పేపరు నిలబడుతుంది.

ఇదే కథని స్త్రీవాద పేపరుగా రాయొచ్చు: భర్త చెప్పించిన చదువే ఆమె చేతిలో పనిముట్టయింది, కానీ కథ ఆమెకి నవ్వు ఇచ్చింది గాని నోటిమాట ఇవ్వలేదు. నౌకరు రాముడి యాస వైపు నుంచి రాస్తే వర్గం గురించీ, ఒకే కథలో రెండు రకాల భాష ఢీకొనడం గురించీ రష్యన్ సిద్ధాంతకర్త బఖ్తిన్ మాటలు పనికొస్తాయి. మూడూ చెయ్యొచ్చు, కానీ ఒకే పేపర్లో చెయ్యకూడదు. కొత్తవాళ్ల పేపర్లలో కనిపించే పెద్ద తప్పు ఇదే: ఒక కథ, నాలుగు సిద్ధాంతాలు, ఒక్కోదానికి రెండు పేరాలు. చదివేవాడికి సంతలో చుట్టి వచ్చినట్టుంటుంది.

ప్రపంచ సాహిత్యం అంటే గొప్ప పుస్తకాల జాబితా అనుకోవద్దు. జర్మన్ కవి గొథే 1827లో ఆ మాట వాడినప్పుడు ఆయన చేతిలో ఉన్నది అనువాదమైన చైనా నవల. టాగూరు 1907లో విశ్వసాహిత్యం మీద ఉపన్యాసం ఇచ్చారు. విమర్శకుడు డామ్‌రాష్ 2003లో, తాను పుట్టిన సంస్కృతి దాటి తిరిగే రచనే ప్రపంచ సాహిత్యం అని ఇంకా ఆచరణకి దగ్గరగా చెప్పాడు. ఇంకో విమర్శకుడు మొరెట్టి 2000లో, అన్నీ ఎవరూ చదవలేరు కాబట్టి దూరం నుంచి చదివే పద్ధతి కావాలన్నాడు. ఈ పేర్లు సీయూఈటీలోనూ యూజీసీ నెట్ పరీక్షలోనూ అడుగుతారు. కానీ క్లాసులో పనికొచ్చేది మాత్రం ఒక రచన దారిలో ఏం పోగొట్టుకుందో చేత్తో చూపించగలగడం.

దానికి మళ్లీ “దిద్దుబాటు”కే వెళ్దాం. ఉత్తరం “అయ్యా” అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ దగ్గరకి వచ్చిందా అని గోపాలరావు బాధపడితే, రాముడు పెయ్య పోయిందా బాబూ అని అడుగుతాడు. అతని చెవికి ప్రియ అనే సంస్కృతం మాట పెయ్యలా వినపడింది. ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులో పెట్టండి. ప్రియమైనవాడికీ ఆవుదూడకీ ఒకేలా వినిపించే మాటలు ఆ భాషలో లేవు. ఫుట్‌నోట్ వేస్తే నవ్వు చస్తుంది. వేరే శ్లేష కల్పిస్తే పెయ్య పోతుంది, పెయ్యతోపాటు రాముడి పల్లె బతుకూ పోతుంది. మొత్తం వదిలేస్తే చదువుకున్నవాడి బాధ, చదువుకోనివాడి చెవి ఒకదాన్నొకటి తగిలిన చోటు పోతుంది. రాముడు “నేర్పితే” అనడు, మన వైపు మాట “మప్పితే” అంటాడు. ఇంగ్లీషులో రెండూ ఒకటే అవుతాయి. అతనికి లండన్ కూలివాడి యాస పెడితే విజయనగరం మాయమవుతుంది. మీరు నాలుగు అనువాదాలు చేసి చూడండి, ఏది ఎందుకు ఓడిపోయిందో ఒక్కో పేరా రాయండి. ఇంటర్వ్యూలో దీని గురించి మాట్లాడితే మీరు తెలుగు మీడియమా అని ఎవరూ అడగరు.

చదువుకి జంటలు పెట్టుకోండి, నెలకి ఒకటి చాలు. “కన్యాశుల్కం” పక్కన రష్యన్ రచయిత గోగోల్ నాటకం “ఇన్‌స్పెక్టర్ జనరల్” పెట్టండి. ఇది 1836లో ఆడింది, మనది 1892లో విజయనగరంలో ఆడి 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. కబుర్లతో బతికేసే మనిషి రెండింటిలోనూ ఉన్నాడు. ఊరు అతన్ని నమ్మడానికి కారణాలు మాత్రం వేరు: అక్కడ పై అధికారి భయం, ఇక్కడ ఇంగ్లీషు చదువు మీద మోజు. ఇక్కడొక హెచ్చరిక. గోగోల్ ప్రభావం గురజాడ మీద ఉందని రాయాలంటే డైరీలోనో ఉత్తరాల్లోనో ఆధారం చూపించాలి. అది లేకపోతే పోలిక అనండి, ప్రభావం అనకండి. పరీక్షకులు మొదట పట్టుకునేది ఈ మాటనే. 1897 ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట కూడా తప్పకుండా చదవండి. వాడుకభాషలో నాటకం ఎందుకు రాశారో అందులో వాదించారు. రెండు భాషల్లో ఆలోచించడం మన ఊళ్లో నూట పాతికేళ్ల కిందటే జరిగిన పని.

రష్యన్ కథలకి మాస్కోలో అచ్చయి వచ్చిన పాత తెలుగు అనువాదాలు సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అదే కథ ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని రోజుకి రెండు పేజీలు చదవండి. ఇంగ్లీషు చదివే వేగం పెరగడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కథ ముందే తెలుసు కాబట్టి ప్రతి మాటకీ ఆగక్కర్లేదు.

అచ్చులోకి రానిదీ సాహిత్యమే. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని 1931లో ఆ భాషకి మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. సవరల పాటలూ కథలూ ఎన్ని అనువాదమై బయటికెళ్లాయని అడిగితే ప్రపంచ సాహిత్యం అనే మాటకున్న హద్దు కనిపిస్తుంది. తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి జానపద కళలు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. ఎమ్మే ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. పాడేవాళ్ల అనుమతి తీసుకోండి, వాళ్ల పేరు వెయ్యాలో వద్దో అడగండి, రికార్డు చేసిన రోజూ ఊరూ అప్పుడే రాసుకోండి. పది నిమిషాల పాట కాగితం మీదికి రావడానికి గంట పైనే పడుతుందని లెక్కేసుకుని మొదలుపెట్టండి.

రచన వర్క్‌షాపు గురించి. మామూలు పద్ధతి ఇది: పదీ పన్నెండు మంది, వారానికి ఇద్దరి కథలు, ఒక్కోటి 1500 నుంచి 2500 మాటలు, వారం ముందే అందరికీ ప్రతులు. చర్చ జరుగుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. ఇది క్రూరంగా అనిపిస్తుంది, కానీ కారణం ఉంది: కథ పత్రికలో అచ్చయినప్పుడు మీరు పాఠకుడి పక్కన కూర్చుని వివరించలేరు. కాగితం మీద లేనిది లేనట్టే. అభిప్రాయం చెప్పేవాళ్లు “బాగుంది”, “సందేశం బాగుంది” అని మొదలుపెట్టకూడదు. ముందు కథలో ఏం జరిగిందో తాము అర్థం చేసుకున్నట్టు చెప్పాలి, తర్వాత ఎక్కడ దృష్టి చెదిరిందో పేజీ, వాక్యం చూపించి చెప్పాలి. మీ స్నేహితులు నలుగురున్నా దీన్ని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

తెలుగు రాసేవాళ్ల కథల్లో మళ్లీమళ్లీ వచ్చే జబ్బులు రెండు. ఒకటి, ఆఖరి పేరాలో కథ అర్థం చెప్పెయ్యడం. ఆ పేరా కొట్టేసి చదివి చూడండి, పది కథల్లో ఎనిమిది బాగుపడతాయి. రెండోది యాస. మన జిల్లాల యాస రాయాలనుకున్నవాళ్లు ఒక పేజీలో “ఎల్తన్నాను” అని, ఇంకో పేజీలో “వెళ్తన్నాను” అని రాస్తారు. ఒకే మనిషి ఒకచోట “సెప్పినాడు”, ఒకచోట “చెప్పినాడు” అంటాడు. నిజంగా మనుషులు అలా మారుస్తారు, చదువుకున్నవాళ్ల ముందు ఒకలా, ఇంట్లో ఒకలా. కానీ కథలో మారితే దానికి కారణం కనపడాలి. లేకపోతే అచ్చుతప్పు అనుకుంటారు. రాయడానికి ముందే ఒక్కో పాత్రకి ఇరవై మాటల పట్టిక వేసుకోండి: నాను, ఏటి, బేగి, ఎల్లడం, ఒగ్గేయడం, ఇలాంటివి ఆ పాత్ర ఎలా పలుకుతుందో. కథకుడి భాష ప్రామాణికంగా ఉంటుందా, యాసలో ఉంటుందా అన్నది అంతకంటే పెద్ద నిర్ణయం. పాత్రలకి యాస, కథకుడికి పుస్తకాల భాష పెడితే, తెలియకుండానే కథకుడు పై మెట్టు మీద నిలబడతాడు. అది కావాలని చేస్తే సరే.

సెమినార్ పేపరు 2500 నుంచి 3000 మాటలుంటుంది. మొదటి పేజీలోపు మీ వాదం ఒక్క వాక్యంలో రావాలి. “ఈ కథలో స్త్రీ సమస్య చిత్రణ” వాదం కాదు, శీర్షిక. “ఈ కథలో భార్య వింటున్నదన్న సంగతి దాచడం వల్ల భర్త పశ్చాత్తాపం నాటకంగా మారుతుంది” అనేది వాదం, దాన్ని ఎవరైనా కాదనొచ్చు కాబట్టి. ఉల్లేఖనలకి ఎక్కువ చోట్ల ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) తొమ్మిదో ముద్రణ పద్ధతి అడుగుతారు. తెలుగు వాక్యం ఉదహరిస్తే అనువాదం ఎవరిదో రాయాలి, మీదైతే మీదని రాయాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పదిశాతం లోపు కలిస్తే శిక్ష లేదు. కానీ తెలుగు విమర్శకుడి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మార్చి పేరు చెప్పకుండా వాడుకోవడం కూడా చౌర్యమే. సాఫ్ట్‌వేర్ పట్టుకోదు, తెలుగు తెలిసిన గైడ్ పట్టుకుంటారు.

వారానికి పన్నెండు గంటలు తియ్యగలిగితే ఇలా పంచుకోండి: జంట అనువాదాల చదువు ఐదు గంటలు, ఒక సిద్ధాంత వ్యాసం మూడు గంటలు, పాత ప్రశ్నపత్రాలు రెండు, మీ సొంత రచన రెండు. పరీక్షకి రెండు నెలల ముందు నుంచి ప్రశ్నపత్రాలకి ఆరు గంటలిచ్చి సిద్ధాంతం, జంట అనువాదాల చదువు తగ్గించండి. సొంత రచన మాత్రం ఆపొద్దు, ఆగిన చెయ్యి మళ్లీ కదలడం కష్టం.

నెలకి ఒక రోజు శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లండి. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన ఆ గ్రంథాలయం ఉన్నదే తెలుగు కథల కోసం, పాత పత్రికలు అక్కడ చూడొచ్చు. వెళ్లేముందు కథ పేరు, రచయిత, మొదట అచ్చయిన పత్రిక, నెల, సంవత్సరం రాసుకుని వెళ్లండి, లేకపోతే రోజంతా వెతకడానికే సరిపోతుంది. సంపుటిలో చదివిన కథని పత్రికలోని కథతో వాక్యం వాక్యం పోల్చండి. మాటలూ, పేరాలూ, ఒక్కోసారి ముగింపూ మారి ఉండొచ్చు. తేడా కనిపిస్తే పేజీ నంబరుతో సహా నోట్ చేసుకోండి, మీరు కథ ఏ రూపాన్ని (పత్రికలోదా, సంపుటిలోదా) వాడారో పేపరు మొదటి పేజీలోనే చెప్పండి.